టీమ్ రోపింగ్: తాడు విసరక ముందు, విసిరాక

ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో వారాంతం రాత్రి జరిగే రోడియోకు (కౌబాయ్ ఆటల పోటీకి) పిల్లల్ని తీసుకెళ్ళిన డాలస్ తెలుగువాళ్ళకు ఎద్దు మీద స్వారీ వెంటనే అర్థమైపోతుంది. ఎద్దు ఎగురుతుంది, మనిషి దాని మీద 8 సెకన్లు నిలవాలి. టీమ్ రోపింగ్ అలా కాదు. గేటు తెరుచుకుంటుంది, కొమ్ముల కోడె దూసుకొస్తుంది, రెండు గుర్రాలు వెంటపడతాయి, రెండు తాళ్ళు తిరుగుతాయి, ఐదారు సెకన్లలో జెండా పడుతుంది. ఒక జంటకు చప్పట్లు దక్కుతాయి. అంతే వేగంగా పని ముగించినట్టు కనిపించిన ఇంకో జంట సమయానికి 10 సెకన్లు కలుస్తాయి. ఎందుకు కలిశాయో గ్యాలరీలో పక్కనున్నవాళ్ళు కూడా చాలాసార్లు చెప్పలేరు.

చూసేవాళ్ళ కళ్ళన్నీ తాడు మీదే ఉంటాయి కాబట్టి ఈ చిక్కు. గెలుపోటములు ఎక్కువగా తేలేది మరో మూడు చోట్ల: గుర్రం బయల్దేరే బాక్స్‌లో, కోడెను ఎడమకు తిప్పే మలుపులో, తాడును జీను కొమ్ముకు (జీను ముందు భాగంలో పైకి పొడుచుకొచ్చిన పిడికి) చుట్టే అరక్షణంలో. ఉచ్చు విసరడం ఎవరైనా ఏడాది రెండేళ్ళలో నేర్చుకోవచ్చు. ఈ మూడూ పట్టుబడటానికి ఏళ్ళు పడుతుంది.

ముందు ఆట స్వరూపం. ఇద్దరు రౌతులు, రెండు గుర్రాలు, ఒక స్టీర్. స్టీర్ అంటే విత్తు కొట్టిన కోడె. మెక్సికో మూలాలున్న కొరియెంతే జాతిది, ఒళ్ళు తేలిక, కొమ్ములు గట్టి, బరువు సుమారు 200 నుంచి 300 కిలోలు. మొదటి రౌతు హెడర్, కొమ్ములకు ఉచ్చు వేస్తాడు. రెండో రౌతు హీలర్, వెనక కాళ్ళు రెండింటికీ వేస్తాడు. రెండు తాళ్ళలో వదులు పోయి, రెండు గుర్రాలూ ఎదురెదురుగా నిలిచిన క్షణాన గుర్రం మీదున్న న్యాయనిర్ణేత జెండా దించుతాడు. హీలర్‌కు ఒక కాలే చిక్కితే 5 సెకన్లు, హెడర్ తొందరపడి బారియర్ (బాక్స్ ముందు అడ్డంగా కట్టే తాడు) తెంచితే 10 సెకన్లు జరిమానా. తలవైపు మూడు పట్లు చెల్లుతాయి: రెండు కొమ్ములు, ఒక కొమ్ముతో పాటు మెడ, లేదా మెడ ఒక్కటే. ఉచ్చు ముడి ఉండే హోండా ఒక కొమ్ము మీదుగా పోయి, ఉచ్చు రెండో కొమ్ముకు పడితే ఆ పట్టు చెల్లదు.

ఇది మైదానంలో పుట్టిన ఆట కాదు, పశువుల పనిలోంచి వచ్చింది. మన పల్లెల్లో దూడ పుట్టిన దగ్గర్నుంచీ మనిషి చేతి కిందే పెరుగుతుంది. మెడకు పలుపు, వయసొస్తే ముకుతాడు, పిలిస్తే పలికే పేరు ఉంటాయి. అమెరికా పడమటి మైదానాల్లో పశువులు మనిషి వాసన తగలకుండా నెలల తరబడి మేస్తాయి. అలాంటి దాని గాయానికి మందు వేయాలన్నా, ఒంటి మీద ముద్ర కొట్టాలన్నా ముందు అది నిలవాలి. ఎదిగిన పశువును ఒక్కడు ఒక్క తాడుతో ఆపడం కష్టం. తల ఒకరు, కాళ్ళు ఒకరు పట్టి చెరోవైపు గుంజితే అది నేల మీదికి వస్తుంది. పశువుల కాపరులైన మెక్సికన్ వాకేరోల నుంచి కాలిఫోర్నియా, టెక్సాస్ కౌబాయ్‌లకు చేరిన పద్ధతి ఇదే. పోటీలో స్టీర్‌ను పడగొట్టరు, నిలబెట్టి సాగదీయడంతోనే పని అయిపోతుంది.

బాక్స్‌లో ఏం జరుగుతుంది

స్టీర్ నిలిచే ఇనుప చూట్ మధ్యలో ఉంటుంది. అరీనా వైపు చూస్తూ నిలబడితే దానికి ఎడమన హెడర్ బాక్స్, కుడిన హీలర్ బాక్స్. హెడర్ బాక్స్ మూతికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉంటుంది. అదే బారియర్. స్టీర్ మెడకు కట్టిన సన్నటి దారం ఆ బారియర్‌తో ముడిపడి ఉంటుంది. స్టీర్ నిర్ణయించిన దూరం పరిగెత్తగానే దారం లాగి బారియర్‌ను విడిపించి, తానూ తెగిపోతుంది. చాలాచోట్ల ఇప్పుడు దీని బదులు కాంతికిరణంతో పసిగట్టే ఎలక్ట్రిక్ ఐ వాడుతున్నారు. పశువుకు కాస్త ముందంజ ఇవ్వాలన్నదే దీని ఉద్దేశం. హెడర్ గుర్రం ముక్కు ఆ తాడును ముందే తాకిందా, 10 సెకన్లు పడ్డట్టే. 5 సెకన్లలో ముగిసే ఆటలో 10 సెకన్లంటే ఆ రౌండు పోయినట్టే.

కాబట్టి హెడర్ చేసే మొదటి పని లెక్క. ఆ అరీనాలో స్కోర్ లైన్ (స్టీర్‌కు ఇచ్చే ముందంజ గీత) ఎంత దూరం, స్టీర్ చూట్‌లోంచి నేరుగా వస్తుందా, గేటు దగ్గర ఆగి చూస్తుందా, వచ్చాక ఎడమకు ఒరుగుతుందా అన్నవి తన వంతు రాకముందే ఇతరుల రన్లు చూసి పట్టుకుంటాడు. తర్వాత ఒక గుర్తు ఎంచుకుంటాడు: స్టీర్ భుజం గేటు దాటినప్పుడా, తుంటి దాటినప్పుడా గుర్రాన్ని వదలాలి అని. గుర్రాన్ని బాక్స్ వెనక మూలలో నిలిపి, తల నేరుగా పెట్టి, తల ఊపుతాడు. గేటు తెరిచేవాడికి అదే సైగ.

ఇక్కడే గుర్రం సంగతి బయటపడుతుంది. తల ఊపు చూడగానే ముందుకు ఉరకడం నేర్చిన గుర్రం బారియర్‌ను తెంచుతుంది. ఉరక్కుండా కళ్ళెం బిగబట్టి ఉంచితే ముందుకాళ్ళు లేపుతుంది, కిందికి దిగేలోగా స్టీర్ సగం అరీనా దాటుతుంది. తప్పు గుర్రానిది కాదు. ఇంటి దగ్గర సాధనలో ప్రతిసారీ వెంటపడి ఉచ్చు వేసేవాళ్ళ గుర్రాలే ఇలా తయారవుతాయి. మందు చాలా సాదాసీదాది: సాధనలో నాలుగైదు స్టీర్లను వదలడం, గుర్రాన్ని మాత్రం బాక్స్‌లోనే నిలబెట్టడం. స్టీర్ పోతూ ఉంటుంది, గుర్రం చూస్తూ ఉంటుంది. గేటు చప్పుడు పరుగుకు ఆనతి కాదని, రౌతు చేయి ముందుకు పోతేనే పరుగని దానికి ఎక్కేదాకా అలా చేయాలి. విసుగుపుట్టే పని. డబ్బు గెలిచేవాళ్ళు ఈ విసుగును భరించినవాళ్ళే.

స్కోర్ దూరాన్ని బట్టి ఆట రూపమే మారిపోతుంది. వ్యోమింగ్‌లోని షయెన్ పెద్ద మైదానం, స్టీర్‌కు ఇచ్చే ముందంజ బాగా ఎక్కువ. అక్కడ పరుగున్న గుర్రం లేకపోతే ఉచ్చు విసిరే దూరానికే చేరలేరు. లాస్‌వేగస్‌లో ఏడాది చివరి పెద్ద రోడియో, నేషనల్ ఫైనల్స్ జరిగే థామస్ అండ్ మాక్ సెంటర్ చిన్నది. అక్కడ హెడర్ బాక్స్ దాటిన కొద్ది గంతుల్లోనే, చేతిలో ఉన్న తాడంతా పోయేలా దూరం నుంచి విసురుతాడు. 2009లో చాడ్ మాస్టర్స్, జేడ్ కోర్కిల్ జంట 3.3 సెకన్ల రికార్డు సమయం సాధించింది ఆ ఫైనల్స్‌లోనే. అదే జంట షయెన్‌లో అంత వేగం చూపలేకపోతే అది చేతకానితనం కాదు.

కొమ్ముల మీదికి, తర్వాత మలుపులోకి

హెడర్ ఎడమ చేతిలో కళ్ళెం, దానితోపాటే తాడు చుట్టలు మూడో నాలుగో ఉంటాయి. కుడి చేతిలో ఉచ్చు. హోండాకూ చేతి పట్టుకూ మధ్య ఉండే తాడును స్పోక్ అంటారు. అది చాలా పొట్టిదైతే ఉచ్చు గాల్లో తెరుచుకోదు, మరీ పొడుగైతే కొన బరువెక్కి వాలిపోతుంది. తిప్పేటప్పుడు ఉచ్చు కొన కిందికి వంగి ఎడమ కొమ్ము వైపు చూస్తూ ఉండాలి. విసిరినప్పుడు ఉచ్చు అడుగు ముందు కుడి కొమ్ము మొదట్లో తగులుతుంది, కొన చుట్టు తిరిగి ఎడమ కొమ్మును పట్టుకుంటుంది. కుడి కొమ్ము తప్పిపోయిందంటే సాధారణంగా కారణం చేయి కాదు, చోటు. గుర్రం స్టీర్ ఎడమ తుంటికి పక్కగా, కాస్త వెనగ్గా చేరకముందే విసిరి ఉంటాడు.

పట్టు పడ్డాక వదులును వెనక్కి, తుంటి వైపు లాగాలి. సంబరంలో చేయి పైకెత్తి లాగితే తాడు కొమ్ముల మీద నుంచి జారిపోతుంది. కొత్తవాళ్ళు పోగొట్టుకునే పట్లలో ఇలాంటివి చాలా.

తర్వాత వచ్చేదే మలుపు. గ్యాలరీలో ఎవరూ పట్టించుకోని ఈ ఒకటిన్నర సెకను మీదే హీలర్ బతుకు ఆధారపడి ఉంటుంది. హెడర్ తాడును జీను కొమ్ముకు చుట్టి, గుర్రం వేగం కొంచెం తగ్గించి, ఎడమకు తిప్పుతాడు. స్టీర్ తల ముందు తిరగాలి, ఒళ్ళు దాని వెంట రావాలి. వేగం తగ్గించకుండా గుంజితే దాని వెనక భాగం చర్నాకోలా కొసలా బయటికి విసురుకుపోతుంది, వెనక కాళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కు పోతాయి, కొన్నిసార్లు అది కూలబడుతుంది. మరీ మెల్లగా తిప్పితే తాడులో వదులొచ్చి స్టీర్ తల దించి లాగుతుంది, గంతు లయ తప్పుతుంది. తిప్పిన తర్వాత గుర్రం ఒకే వేగంతో సాగాలి. అప్పుడు స్టీర్ వెనక కాళ్ళు రెండూ కలిపి, కుందేలులా, ఒకే తీరున గెంతుతుంది. హీలర్‌కు కావాల్సింది ఆ గంతే.

అందుకే కొమ్ములకు రెప్పపాటులో ఉచ్చు వేసి, మలుపు పాడుచేసే హెడర్ కన్నా అరసెకను ఆలస్యంగా వేసి తిన్నగా తిప్పి ఇచ్చే హెడర్‌తో జట్టు కట్టడానికే మంచి హీలర్లు మొగ్గుతారు. అది సరైన లెక్కే. ముందు మిగిలిన అరసెకను, హీలర్ ఒక కాలే పట్టినప్పుడు పడే 5 సెకన్లకు ఏ మూలకూ చాలదు.

కాళ్ళు గాల్లో ఉన్నప్పుడు

హీలర్ బాక్స్ ముందు సాధారణంగా బారియర్ ఉండదు. స్టీర్ కుడికి పారిపోకుండా పక్కనే పరిగెత్తి దాన్ని నేరుగా ఉంచడం అతని మొదటి పని. హెడర్ తిప్పడం మొదలుపెట్టగానే కొంచెం వెడల్పుగా వచ్చి, స్టీర్ వెనక ఎడమ తుంటి దగ్గర కోణంలోకి చేరతాడు. ఇక్కడ ఒక నియమం కాపలా కాస్తుంది: స్టీర్ దిశ మారకముందే హీలర్ ఉచ్చు విసిరితే క్రాస్‌ఫైర్, ఆ రన్‌కు సమయమే ఇవ్వరు. ఆ ఆత్రానికి పోగొట్టుకున్న బహుమతులకు లెక్క లేదు.

తల మీద ఉచ్చు తిప్పుతూ అతను చూసేది స్టీర్ వెనక కాళ్ళ కీళ్ళను. చేతి చుట్టు, స్టీర్ గంతు ఒకే తాళంలో పడాలి. వెనక కాళ్ళు వెనక్కి సాగి నేల విడిచే సమయానికి ఉచ్చు వాటి ముందుకు, పొట్ట కిందికి చేరి నిలబడాలి: అడుగు తాడు నేలకు ఆని, పై తాడు కాళ్ళకు ఆని, మూత తీసిన సంచిలా. కాళ్ళు ముందుకు దిగుతూ తమంతట తామే అందులోకి దిగుతాయి. కాళ్ళు నేల మీదున్నప్పుడు వేస్తే ఉచ్చు వాటికి కొట్టుకుని మూసుకుపోతుంది. ఆలస్యంగా వేస్తే ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వేశాక కూడా సగం పనే అయినట్టు. రెండో కాలు దిగకముందే లాగితే మిగిలేది ఒక్కటే. లాగకుండా వదులును కింద పడనిస్తే ఒక కాలు ఉచ్చులోంచి బయటికి నడిచిపోతుంది.

వీటిని గాలిలో లెక్కలతో నేర్చుకోలేరు. పెరట్లో ప్లాస్టిక్ డమ్మీకి రోజుకు వంద ఉచ్చులు వేస్తారు, తర్వాత గంతు వేసినట్టు కాళ్ళు కదిపే యంత్రాన్ని బండి వెనక కట్టి గుర్రం మీద నుంచి వేస్తారు, ఆ తర్వాతే నిజమైన స్టీర్ల జోలికి పోతారు. గడ్డి మోపుకు గుచ్చిన ప్లాస్టిక్ కొమ్ముల తల ముందు ఆరేళ్ళ పిల్లలు సాయంత్రాలు గడపడం టెక్సాస్, అరిజోనా పల్లెల్లో మామూలు దృశ్యం.

బొటనవేలు పైకి

తాడును జీను కొమ్ముకు చుట్టడాన్ని డాలీ అంటారు. స్పానిష్‌లో వాకేరోలు 'దాలే వుయెల్తా' అనేవాళ్ళు, ఒక చుట్టు తిప్పు అని. ఇంగ్లిష్ నోళ్ళలో అది అరిగి డాలీ అయింది. తాడు చివర జీనుకు ముందే కట్టేసి ఉండదు కాబట్టి, ప్రమాదం ముంచుకొస్తే వదిలేయవచ్చు. ఆ వెసులుబాటుకు రోపర్లు చెల్లించే మూల్యం వేళ్ళు.

చుట్టు గడియారం ముల్లుకు ఎదురు దిశలో పడుతుంది. వదులు లాగిన చేయి తాడును వదలకుండా జీను కొమ్ము దగ్గరికి వస్తుంది, బొటనవేలు ఆకాశం వైపు చూస్తూ కొమ్మును చుట్టివస్తుంది. బొటనవేలు కిందికి తిరిగితే అది తాడుకూ కొమ్ముకూ మధ్య పడుతుంది. ఒక చివర 250 కిలోల స్టీర్, ఇంకో చివర అర టన్ను గుర్రం, మధ్యలో నలిగేది వేలు. 2005 నేషనల్ ఫైనల్స్‌లో, ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జేక్ బార్న్స్ తన కుడి బొటనవేలు ఇలాగే పోగొట్టుకున్నాడు. ఆట తెలియనివాళ్ళకే ప్రమాదం అనుకునేవాళ్ళకు ఆ ఒక్క పేరు చాలు. ఆయన తర్వాత మళ్ళీ బరిలోకి దిగాడు.

నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు చూపుతో మొదలవుతుంది. స్టీర్‌నే చూస్తూ చేతిని గుడ్డిగా జీను కొమ్ము మీదికి పంపుతారు. చుట్టల తాడు కుడి చేతి కిందికి జారితే చిక్కు మరింత పెద్దది. మొదటి కొన్ని నెలలు కదలని గుర్రం మీద, కదలని డమ్మీకి, నెమ్మదిగా వేల డాలీలు వేయించే శిక్షకులే మంచి శిక్షకులు. వయసు మీరినవాళ్ళు, స్త్రీలు క్విక్ రిలీజ్‌తో (లాగగానే విడిపోయే కొక్కెంతో) తాడును జీనుకు కట్టుకోవడానికి చాలా ఔత్సాహిక పోటీలు అనుమతిస్తాయి. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

సామాన్లలోనూ ఈ డాలీ చుట్టూ తిరిగేవే ఎక్కువ. జీను కొమ్ముకు రబ్బరు పట్టీలు బిగుతుగా చుడతారు, తాడు జారకుండా పట్టడానికి. అరిగిన రబ్బరును పోటీ ముందు రోజు కాక, కొన్ని సాధన రన్లు పడేంత ముందుగా మార్చాలి. కొత్త రబ్బరు మరీ గట్టిగా పట్టేస్తుంది, గుర్రానికీ స్టీర్‌కూ కుదుపు తగులుతుంది. తాడు హెడర్‌కు 30 నుంచి 32 అడుగులు, కాస్త మెత్తనిది. హీలర్‌కు 35 అడుగుల చుట్టూ, గట్టిది, ఎందుకంటే ఉచ్చు నేల మీద నిలబడాలి. నైలాన్, పాలీ కలిపి మూడు లేదా నాలుగు పేటలుగా పేనుతారు. ఎండకు తాడు మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్ళ తాళ్ళ డబ్బాలో వేర్వేరు గట్టిదనాలున్న తాళ్ళు నాలుగైదు ఉంటాయి, ఎండలో కారులో పడేసిన తాడుతో మాత్రం బరిలోకి దిగరు. స్టీర్ కొమ్ముల మొదట్లో, చెవుల దగ్గర తాడు ఒరిపిడి తగలకుండా మందమైన తొడుగులు వేస్తారు. అవి వదులైన స్టీర్‌ను చూట్‌లోకి పంపే నిర్వాహకుడిని అక్కడే నిలదీయాలి. నోరులేని జీవి దెబ్బ తినకుండా చూడటం ఆటలో భాగమే.

నంబర్ల లోకం, రోడ్ల బతుకు

ఈ ఆటను లక్షల మంది మధ్యకు తీసుకొచ్చింది ఛాంపియన్లు కాదు, అంకెలు. స్పీడ్ విలియమ్స్, రిచ్ స్కెల్టన్ 1997 నుంచి 2004 దాకా వరసగా ఎనిమిది ప్రపంచ టైటిళ్ళు గెలిచారు. అలాంటివాళ్ళతో పోటీ అంటే ఉద్యోగం చేసుకుంటూ వారాంతంలో తాడు పట్టే ఎలక్ట్రీషియనో పశువైద్యుడో ప్రవేశ రుసుము కట్టి ఇంటికి పోవడమే. 1990లో మొదలైన యూఎస్‌టీఆర్‌సీ (యునైటెడ్ స్టేట్స్ టీమ్ రోపింగ్ ఛాంపియన్‌షిప్స్) దీనికి దారి చూపింది. ప్రతి రోపర్‌కూ నైపుణ్యాన్ని బట్టి ఒక నంబర్ ఇస్తారు. 10.5 పోటీ అంటే హెడర్, హీలర్ నంబర్ల మొత్తం 10.5 దాటకూడదు. 4 నంబర్ హెడర్ 6.5 దాకా ఉన్న హీలర్‌ను తెచ్చుకోవచ్చు. గెలుస్తూ పోతే నంబర్ పెరుగుతుంది, ఆ పై స్థాయివాళ్ళతో తలపడాలి. నంబర్ పెరగకుండా కావాలని తప్పుగా విసిరేవాళ్ళు ఉంటారు, నిజాయతీగా ఆడేవాళ్ళకు అతిపెద్ద మనస్తాపం అదే. ఈ పోటీల్లో మూడు నాలుగు స్టీర్ల సమయాలు కలుపుతారు కాబట్టి 5 సెకన్ల మెరుపు కన్నా ప్రతిసారీ జరిమానా లేని 8 సెకన్లు ఎక్కువ డబ్బు తెస్తాయి. కొత్తవాళ్ళు ఈ లెక్క ఆలస్యంగా నేర్చుకుంటారు.

వృత్తిగా చేసేవాళ్ళ బతుకు వేరు. ఏడాది సంపాదనలో తొలి 15 మంది హెడర్లు, 15 మంది హీలర్లు డిసెంబరులో లాస్‌వేగస్‌లో పది రాత్రుల ఫైనల్స్‌కు చేరతారు. ఆ సంపాదన కోసం తిరగాల్సిన దూరం భయంకరంగా ఉంటుంది. జులై 4 వారాన్ని కౌబాయ్ క్రిస్మస్ అంటారు, ఆ కొద్ది రోజుల్లో ఒకదానికొకటి వందల మైళ్ళ దూరంలో ఉన్న రోడియోలు జరుగుతాయి. పగలు ఒక ఊళ్ళో 6 సెకన్ల పని, తర్వాత రాత్రంతా డ్రైవింగ్. ప్రవేశ రుసుము, డీజిల్, మేత, గుర్రపు నాడాలు అన్నీ సొంత ఖర్చే. స్టీర్ తప్పిపోతే చేతికి వచ్చేది సున్నా. చలికాలం చాలామంది అరిజోనాలోని వికెన్‌బర్గ్ చేరతారు. టెక్సాస్‌లోని స్టీఫెన్‌విల్ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్ళు మరెందరో. పొద్దున్నే సాధనకు పక్కింటి పెరట్లోనే జోడీ దొరకడం అక్కడి సుఖం.

జోడీ కుదరడమూ పెళ్ళి సంబంధం లాంటిదే. సంపాదన చెరి సగం, తప్పు మాత్రం ప్రతిసారీ ఒకరిదే అవుతుంది. వందల గంటలు ఒకే ట్రక్కులో కూర్చోవాలి. తప్పిపోయిన స్టీర్ గురించి అరగంటకు మించి మాట్లాడుకోని జంటలే ఏళ్ళ తరబడి కలిసి ఉంటాయి.

అన్నింటికీ మించి గుర్రం. హెడ్ గుర్రం పెద్దది, బలమైనది కావాలి, బరువు లాగాలి కాబట్టి. హీల్ గుర్రం కొంచెం చిన్నదైనా పిల్లిలా వంగి, వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు ఆగగలగాలి. ఎక్కువ భాగం క్వార్టర్ హార్స్ జాతివే. బాగా తయారైన గుర్రం ధర పదుల వేల డాలర్లు. దానికి దెబ్బ తగిలితే ఆ సీజన్ అంతటితో సరి. అందుకే ప్రయాణంలో యజమాని నిద్ర కన్నా గుర్రం విశ్రాంతికే విలువ ఎక్కువ. నాలుగు గంటలకోసారి బండి ఆపి నీళ్ళు పెట్టాలి. కొత్త ఊరి నీళ్ళు కొన్ని గుర్రాలు ముట్టవు, ఇంటి నుంచి నీళ్ళు మోసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళు తాగని గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం తీయగలదు. రాష్ట్రం దాటితే కాగిన్స్ పరీక్ష (గుర్రాలకొచ్చే ఒక అంటురోగం లేదని తేల్చే రక్తపరీక్ష) పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం గ్లవ్ బాక్స్‌లో ఉండాలి.

రన్ అయిపోయాక గ్యాలరీ తర్వాతి ఆట చూస్తుంటుంది. ట్రెయిలర్ పక్కన రౌతు జీను దించి, ముందుకాళ్ళకు ఐస్ బూట్లు కట్టి, 20 నిమిషాలు అలాగే నిలబెడతాడు. ఈలోపు అరచేత్తో కాలి నరాల వెంట మోకాలి నుంచి గిట్ట దాకా మెల్లగా తడుముతూ వస్తాడు, ఎక్కడైనా వేడి తగులుతుందేమోనని. వేడి తగలకపోతే ఎండుగడ్డి వల కట్టి, ట్రక్ తాళాలు తీసుకుంటాడు. తగిలితే ఆ రాత్రి వెళ్ళాల్సిన ఊరికి ఫోన్ చేసి పేరు తీసేయమంటాడు.